అదీ చేప నూనే కదా అనుకున్నాను

ఎనిమిదేళ్లుగా ఈ మాట నా నోరు దాటలేదు. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను సూర్యాపేటలో ఒక మందుల షాపులో పనిచేసేవాణ్ని. మోతె నుంచి లింగమ్మ అనే ఆమె నెలనెలా వచ్చేది. ఆమె భర్త సైదులు గొర్లు కాసేవాడు. రక్తంలో కొవ్వు, డాక్టర్లు ట్రైగ్లిజరైడ్లు అంటారే, అది విపరీతంగా పెరిగి, క్లోమం వాచి, ఒకసారి చావుదాకా వెళ్లొచ్చాడు. కల్లు మానమన్నారు. మానేశాడు. ఎక్కువ మోతాదు చేప నూనె గోలీలు రాశారు.

అవి తెప్పించడం నా పని. ఒక నెల మరిచిపోయాను. లేవంటే సేటు నన్ను పనిలోంచి తీసేస్తాడని భయం. ఎదురుగా పిల్లలకు బలానికిచ్చే మామూలు చేప నూనె గోలీలున్నాయి. కంపెనీ మారిందని చెప్పి అవే ఇచ్చాను. అదీ చేప నూనే కదా అనుకున్నాను. రెండూ ఒకటి కాదని నాకు తెలియదా? తెలుసు. తర్వాతి నెల అసలువి వచ్చాయి. మళ్లీ సీసా మారితే ఆమె ఎందుకని అడుగుతుందేమోనని, మామూలువే ఇస్తూ పోయాను.

నాలుగో నెలలో సైదులుకు నొప్పి తిరగబెట్టింది. అతన్ని దవాఖానలో చేర్చి, లింగమ్మ సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఒక్క పూట తప్పకుంట మింగిండు సారూ. మరి మళ్ల గిట్లెందుకైంది?"

సీసా ఆమె చేతిలోంచి తీసుకుని బల్ల కింద పెట్టేశాను.

"సాటుంగ తాగుతుండేమో, అడుగక్కా," అన్నాను.

"నా మీద ఒట్టేసిండు," అని మాత్రం అని వెళ్లిపోయింది.

తాగలేదని అతను మంచం మీద మళ్లీ మళ్లీ చెప్పాడట. ఆమె నమ్మలేదట. తొమ్మిదో రోజు పోయాడు.

నేను కోదాడ వెళ్లిపోయాను, అక్కడి నుంచి మిర్యాలగూడ. ఇక్కడా మందుల షాపులోనే పని. ఏ ఆడమనిషి ఖాళీ సీసాతో కౌంటర్ ముందు నిలబడ్డా ఏదో వెతుకుతున్నట్టు లోపలికి వెళ్లిపోతాను. సరైన మందు ఇచ్చినా పోయేవాడేమో. ఈ 'ఏమో' చాటునే ఇన్నేళ్లు దాక్కున్నాను. మరి నేనాడిన అబద్ధానికి చాటు ఏది?

మొన్న మోతె మనిషి ఒకాయన షాపుకొచ్చాడు. లింగమ్మ ఎట్లుందని అడిగాను. ఎందుకడిగానో. మొగుడి మాటెత్తితే ఆమె ఇప్పటికీ, "నా ఒట్టు గట్టున పెట్టి తాగిండు, సచ్చిండు," అంటుందట.

వెళ్లి చెప్పాలని రెండుసార్లు బస్టాండుదాకా పోయి తిరిగొచ్చాను. కేసు పెడతారనా? అదొక్కటే కాదు. అది విన్నాక ఆమె ముఖం ఎట్లా మారుతుందో, అది చూడాలంటే భయం. ఈ భయం పోదు. పోవాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. ఇక్కడైనా ఒక్కసారి రాసేస్తున్నాను.

సైదులు తాగలేదు.