ఇసుక మీద సానుపు

పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి అయిపోయే ఖతర్ దేశంలో పది రోజుల కారవాన్ యాత్రేమిటని నా తోటి నర్సులు నవ్వారు. నవ్వనీ. మా ఆయన యజమాని చలికాలంలో తన కారవాన్‌ను ఊరికే వాడుకోమంటే, వద్దనే బుద్ధి మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన, నేను, పదేళ్ల కూతురు, జగిత్యాల నుంచి విజిట్ మీద వచ్చిన అత్తమ్మ, అందరం ఎక్కేశాం. "దుబాయ్‌ల ఇల్లే బండెక్కింది" అని అత్తమ్మ ఊరందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

మా ఆయన వాటర్ ట్యాంకర్ డ్రైవర్. బిర్కత్ అల్ అవామిర్ వైపు కూలీల క్యాంపులకు నీళ్లు పోస్తాడు. ఎక్కడ నీళ్లు అయిపోయినా, అర్ధరాత్రి అయినా ఆయన ఫోనే మోగుతుంది. దుఖాన్ దారిలో కారవాన్ నడుపుతుంటే ఆయన కళ్లు రెండుసార్లు మూతపడటం నేను చూశాను. గట్టిగా గిల్లాను. నర్సును కదా, భయం వేసింది. ఆరో రోజుకు అల్ రువైస్ దాటి, మనుషుల్లేని ఒడ్డున కారవాన్ ఆపాం. ఆయన ఫోన్ ఆపేసి చెంచాల డబ్బాలో పడేశాడు.

"రేపు నన్ను లేపకుర్రి. ఒక్క దినం. అన్నానికి సుత లేపకుర్రి" అన్నాడు. అంతగా బతిమాలడం పన్నెండేళ్లలో ఎప్పుడూ వినలేదు. ఎవరూ లేపరని కూతురు మీద ఒట్టేశాను.

మర్నాడు శుక్రవారం పొద్దున చాయ్ పెడదామని పంపు తిప్పితే గాలి వచ్చింది. బయటికి వెళ్లి చూద్దును కదా, కారవాన్ మెట్ల ముందు ఇంత పెద్ద ముగ్గు! పక్కన బకెట్‌తో అత్తమ్మ, నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"శుక్కురారం పూట వాకిలి ఎండగ ఉండద్దని సానుపు జల్లిన బిడ్డా. ఈ ఇసుక పాడుగాను, పోసినకొద్ది తాగవట్టె. తడి ఆగకపాయె. బకెట్లకు బకెట్లు పోసిన."

మా ఊళ్లో వాకిలి కళ్లాపికి చెంబెడు నీళ్లు చాలు. ఇక్కడి ఎడారికి కారవాన్ ట్యాంకంతా పోసేసింది! నా కోపం నషాళానికెక్కింది. "ఇల్లలకంగనే పండుగైతదా అత్తమ్మా! నీళ్లు దేవాలంటే ఇప్పుడు ఆయన్నే లేపాలె!" అన్నాను గుసగుసగా. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. నాకేమో డ్రైవింగ్ రాదు. పరీక్ష మూడుసార్లు తప్పాను.

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "వాన్ని లేపకు బిడ్డా, నేను తాగకుంట ఉంట" అంది. ఆ మాటకు నా కోపం కాస్తా చల్లారిపోయింది. కూతురు వెళ్లి తాగే నీళ్ల సీసాలు లెక్కపెట్టి వచ్చింది. మూడున్నర.

ఇక మొదలైంది మా నాటకం. చాయ్ తలా రెండు గుక్కలు. అన్నం బందు. ఖుబ్బూస్ రొట్టెల్లో మామిడికాయ తొక్కు పెట్టుకుని తిన్నాం. ముందు రాత్రి ఎంగిలి గిన్నెలు సముద్రంలో తోముతుంటే అల వచ్చి చారు గిన్నెను లాక్కుపోయింది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, "ఆగవే, ఆగు!" అని గిన్నెను బుజ్జగిస్తూ నడుంలోతు వెళ్లింది. గిన్నెను పట్టుకుంది, తను నీళ్లలో కూర్చుండిపోయింది. కూతురూ నేనూ నా కొంగే నోట్లో కుక్కుకుని ఇసుకలో దొర్లాం. లోపల ఆయన ఇటు నుంచి అటు తిరిగితే మంచం కిర్రుమంది. ముగ్గురం బొమ్మల్లా బిగుసుకుపోయాం. మళ్లీ గురక వినపడగానే ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది. అంత సంతోషంగా నేను ఖతర్‌లో ఏనాడూ లేను.

సాయంత్రం నాలుగింటికి ఆయన లేచాడు. పంపు దగ్గర గాలి చప్పుడు. పేస్టు పెట్టిన బ్రష్‌తో గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూశాడు, ముగ్గును చూశాడు.

"నీళ్లు ఎప్పుడయిపోయినయ్?"

"పొద్దుగాల" అంది అత్తమ్మ, నేల చూపులు చూస్తూ. "నేనే పారవోసిన కొడుకా."

"మరి నన్నెందుకు లేపలే?"

"ఈరోజు నీకు డ్యూటీ లేదు కదా డాడీ" అంది కూతురు.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "పన్నెండేండ్ల సంది నీళ్లు పోస్తున్న. నీళ్లు లేనోళ్లు నన్ను పండనిచ్చిన దినం ఇదే" అన్నాడు. నాకు సిగ్గేసింది. ప్రతి శుక్రవారం కూరగాయలకని ఆయన దుప్పటి లాగేది నేనే.

కూతురు చివరి అర సీసా అందించింది. మూతతో రెండుసార్లు పోసుకుని నోరు పుక్కిలించి, మిగతాది తిరిగి ఇచ్చేశాడు. ట్యాంకు నింపుకురావడానికి బయలుదేరతాడేమోనని నేను ఆయన చెప్పులు వెతుకుతున్నాను.

"యల్లా, సరే మరి, ఇంకో గంట పండుకుంట" అని లోపలికి వెళ్లిపోయాడు.

అత్తమ్మ తలుపు మెల్లగా దగ్గరికి వేసి, ఆ మెట్టు మీదే అడ్డంగా కూర్చుంది.