టైలరక్క చూడని మూడు రోజులు

టైలరక్క మంచి మనిషే. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే ఆ ఏడాదంతా ఆమె చేసిందల్లా ఓర్వలేక ఏడవడమే.

దానికి కారణం ఆమె దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్న పిల్ల. సూదిలో దారం ఎక్కించడం కూడా రాకుండా వచ్చింది గనక షాపులో అందరూ చిన్నది అనేవారు. ఆ చిన్నది పక్క వీధిలో సొంత షాపు పెట్టి, కుట్టిన ప్రతిదీ వీడియో తీసి ఫోన్లో స్టోరీగా పెట్టేది. నలభై వేల మంది అభిమానులు. అది చూసి టైలరక్క కూడా అకౌంటు తెరిచింది. నూట పన్నెండు మంది వచ్చారు. అందులో సగం చుట్టాలే.

కడుపు మండిపోయింది. చిన్నది వీడియో పెట్టడం ఆలస్యం, ఈమె చూసేయాల్సిందే. కుట్టు వంకరపోయిందా, అంచు ముడత పడిందా అని వెతికేది. తప్పు దొరికితే ఆ పూట అన్నం సహించేది. దొరక్కపోతే మొగుడి మీద పడేది. చూడటం మానేయొచ్చుగా అని ఆయనంటే, చెప్పడం తేలికేనని కసిరేది.

చివరికి పని మీదికే వచ్చింది. బ్యాంకు మేనేజరమ్మ తన తల్లి దాచుకున్న గుడ్డ తెచ్చి కోటు కుట్టమంది. గుడ్డ తక్కువ. మడతేసి రెండు చేతులూ ఒకేసారి కత్తిరించే వీల్లేదు. ఒకటయ్యాక కొలత కాగితం తిరగేసి రెండోది కత్తిరించాలి. సరిగ్గా అప్పుడే కొత్త వీడియో వచ్చిందని ఫోను మోగింది. చిన్నది కూడా కోటే కుడుతోంది! టైలరక్క ఒక కన్ను అటు వేసి, కాగితం తిరగేయడం మర్చిపోయింది. తీరా చూస్తే రెండూ ఎడమ చేతులే.

అలాంటి గుడ్డ మళ్లీ దొరకదు. మేనేజరమ్మ తిట్టలేదు, చేతుల్లేని కోటే తీసుకుని వెళ్లిపోయింది. టైలరక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే అకౌంటు మూసేసింది.

మూడో రోజు చిన్నది సంచీతో షాపు మెట్లెక్కింది.

"ఒంట్లో బాగాలేదా అక్కా? మూడు రోజుల్నించి మీ పేరు కనిపించట్లేదు."

"ఎక్కడ కనిపించట్లేదు?"

"నా వీడియోల కింద. స్టోరీ పెడితే చూసినవాళ్ల పేర్లు నాకొస్తాయి కదా. ఏడాదిగా రోజూ మొదటి పేరు మీదే."

ఆ సంగతి టైలరక్కకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. చిన్నది మాత్రం తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది.

"అక్క చూసింది, తప్పుంటే పిలిచి చెప్పేదేగా అని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఏం కుట్టినా సరిగ్గా వచ్చిందో లేదో తెలియట్లేదు."

సంచీలోంచి కోటు తీసి బల్ల మీద పరిచింది. టైలరక్క అటూ ఇటూ తిప్పి చూసి, చంక దగ్గర బిగిసిందని, అర అంగుళం వదలమని చెప్పింది. చిన్నది అక్కడే సుద్దతో గుర్తు పెట్టుకుని, తేలిక పడ్డ మొహంతో వెళ్లిపోయింది.

టైలరక్క మిషను ముందు ఊరికే కూర్చుండిపోయింది. తనకి పని నేర్పిన మనిషి పోయి పదకొండేళ్లయింది. తను కుట్టింది చూసి, ఇది తప్పు అని చెప్పేవాళ్లు అప్పట్నించీ లేరు. చిన్నదానికి ఉన్నారు. నలభై వేల మందిని చూసినప్పుడు కూడా ఆమెకి ఇంత అసూయ కలగలేదు.