అమ్మ పీకేసిన టోపీ

పుంగనూరులో మా వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా అమ్మ క్రోషాతో ఒక ఊలు టోపీ అల్లి ఇస్తుంది. పోయిన చలికాలం పాలు పోసే ఆమె కూతురు ప్రసవమయ్యేనాటికి అమ్మ కళ్లకు పొర కమ్మేసింది. కుట్లు కనబడక, సగం అల్లిన టోపీ నా చేతిలో పెట్టి, "మిగతాది నువ్వు అల్లు పాపా" అంది. నాకు చిరాకేసింది. మదనపల్లెలో ఏ అంగట్లో చూసినా టోపీలు వేలాడుతుంటే ఈ పట్టుదల ఎందుకని విసుక్కున్నాను. విసుక్కుంటూనే అల్లాను.

కుప్పంలో అమ్మ కంటికి ఆపరేషన్ జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చుని ఆఖరి వరసలు ముగించాను. పొర బాగా ముదిరింది, చూపు ఎంత వస్తుందో చెప్పలేమని డాక్టరు ముందే అన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా కుట్ల లెక్క తప్పేది.

మర్నాడు పొద్దున అమ్మ కంటికి కట్టు విప్పారు. ఆమె నా మొహం వైపైనా చూడలేదు. నా ఒళ్లో ఉన్న టోపీ తీసుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఈడ సూడు, ఒక కుట్టు ఇడిసిపెట్టేసినావు. పసిబిడ్డకి ఇట్లాంటిది ఇస్తారా యాడన్నా?"

కొస పట్టుకుని సర్రున లాగింది. నాలుగు రోజుల నా పని వరస వెంట వరస ఊడిపోయింది.

ఇంకోనాడైతే గొడవ పెట్టుకునేదాన్నే. ఆ పొద్దున మాత్రం ఊడొస్తున్న ఊలును ఉండలా చుట్టుకుంటూ, "పీకుమా, అంతా పీకేయ్" అన్నాను.