ఎర్ర డబ్బా ఆడేది ఖాజా బాబాయ్ ఇంట్లోనే

నిన్న పొద్దున పాఠాలు చెప్పడానికి కాలేజీకి బయలుదేరుతుంటే భద్రాచలం నుంచి నాన్న ఫోన్.

"ఖాజా పోయాడమ్మా. నమాజుకి లేచాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే..."

తర్వాత "మరి ఆదివారం?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు.

ఖమ్మంలో బస్సెక్కి, పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక కూడా నాకు నమ్మకం కుదరలేదు.

ఖాజా బాబాయ్ భద్రాచలంలో టీవీలు అమ్మేవాడు. పక్కనే నాన్న ఎరువుల షాపు. నాన్నకి ఉన్న ఒకే ఒక్క ఫ్రెండ్ ఆయన.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. హెచ్‌డీ టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటికోసం డిస్కులు రెండు రకాలు వచ్చాయి. బ్లూ-రే ఒకటి, హెచ్‌డీ డీవీడీ ఒకటి. చూడటానికి రెండూ ఒకే సైజు. కానీ ఒకదాని ప్లేయర్‌లో ఇంకోటి ఆడదు.

నాన్న బ్లూ-రే కొన్నాడు. బాబాయ్ పంతం కొద్దీ రెండోది తెప్పించాడు.

డిస్కులొచ్చే నీలం డబ్బాలు మావి. ఎర్ర డబ్బాలు వాళ్లవి.

వాళ్లింట్లో మేం మొదట చూసింది ఏదో దేశపు అడవిలో వాన. అడవీ వానా మాకేం కొత్త కాదు. అయినా అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, "ఆకు ఆకుకీ చినుకు కనబడుతోందే" అంది.

మా ఊరి చుట్టూ ఉన్న అడవిని నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదేమో అనిపించింది.

కొన్నాళ్లకి ఎర్ర డబ్బాలు ఓడిపోయాయి. తయారుచేసేవాళ్లే మానేశారు. బాబాయ్ షాపులో కూడా బ్లూ-రేలే అమ్మేవాడు. ఇంట్లో మాత్రం పాతదే.

నాన్న వదిలేవాడా? "షాపులో గెలిచినోణ్ణి అమ్ముతావు, ఇంట్లో ఓడినోణ్ణి పెట్టుకుంటావా ఖాజా?"

"ఓడినోనికి గూడ ఒక ఇల్లుండాలె గద సుబ్బారావ్."

ఆ ఎండాకాలంలోనే అమ్మ పోయింది.

నాన్న షాపుకి వెళ్లడం మానేశాడు. గెడ్డం గీసుకోవడం మానేశాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేదాన్ని. వంట చేసి, ఎదురుగా కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక తిరిగి బస్సెక్కేదాన్ని. ఈయన కూడా మిగలడేమో అని భయం.

ఒక ఆదివారం బాబాయ్ ఎర్ర డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"కొత్త డిస్క్ వచ్చింది. లే."

"ఇక్కడే పెట్టు, చూద్దాం."

"ఇది నీ దాంట్ల ఆడదు. నా దాంట్లనే ఆడుతది. చెప్పులేసుకో."

"నీ ప్లేయర్ ఇక్కడికే పట్టుకురావచ్చుగా?"

"వైర్లు కదిలిస్తే పిక్చర్ పోతది."

నాన్న విసుక్కుంటూనే లేచాడు. వాకిలి దాటాడు. నేను గుమ్మంలో నిలబడి వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా చూశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. ఆదివారం కోసం గెడ్డం గీసుకోవడంతో మొదలై, కొన్నాళ్లకి సోమవారం షాపు తాళం కూడా తీశాడు.

కొత్త ఎర్ర డబ్బాలు ఇక రావు కదా. ఉన్నవే తిప్పి తిప్పి చూసేవాళ్లు.

"ఈ తిమింగలాన్ని ఇంకా ఎన్నిసార్లు చూపిస్తావయ్యా?"

"అది నిన్ను గుర్తుపట్టేదాంక."

ఫోన్లోనే ప్రపంచమంతా కనబడే రోజులొచ్చాయి. అయినా వీళ్ల ఆదివారం మారలేదు. ముసలి పంతం అని నవ్వుకునేదాన్ని.

నిన్న మధ్యాహ్నం బాబాయ్ ఇంట్లో, వచ్చినవాళ్లకి పరవడానికి సజ్జ మీది జంపఖానాలు దించుతుంటే వాటి వెనక ఒక కార్టన్ కనబడింది. సీల్ కూడా తీయలేదు. అదొక ప్లేయర్. బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ రెండూ ఆడుతుందని పైనే రాసి ఉంది.

"ఇదేంటి పిన్నీ?"

పిన్ని దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"మీ ఇంటికని తెప్పిచ్చిండు బిడ్డా, దుబాయ్‌ల తమ్మునికి చెప్పి. మీ అమ్మ సంబురపడతదని. అది వచ్చేటాళ్లకు ఆమె లేకపాయె. ఇచ్చిరాపో అన్న నేను. ఇస్తే సుబ్బారావ్ ఇంట్ల కూసోనే అన్నీ చూస్తడు, మల్ల గడప దాటడు అన్నడు. పైన పెట్టిండు. గోదారి పొంగి ఇంట్లకొచ్చిన ఏడాది, బియ్యం కంటె ముందు దీన్నే మిద్దెక్కిచ్చిండు."

"మరి వైర్లు కదిలిస్తే పిక్చర్ పోవడం?"

"ఏం వైర్లు? ఉన్నదే ఒక్క వైరు."

ఏడుస్తూనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

నాకు దేన్నీ ఒక పట్టాన నమ్మని అలవాటు. నిన్నటినుంచి అదే ఆలోచన. ఊరంతా ఓడిపోయిన డబ్బా అని నవ్వుతుంటే, రెండూ ఆడే ప్లేయర్‌ని సజ్జ మీద పెట్టుకుని ఒక మనిషి ఇన్నేళ్లు ఊరుకోగలడా? మొదట నాన్న కోసమే దాచి, తర్వాత మర్చిపోయాడా? ఆదివారం తోడు ఆయనకే కావాల్సొచ్చిందా?

తెలియదు. ఎటునుంచి చూసినా మనిషి చిన్నగా మాత్రం కనబడటం లేదు.

సాయంత్రం మట్టి చేసి వచ్చాక నాన్నకి ఆ కార్టన్ చూపించి, పిన్ని చెప్పింది చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని నాలుగు వైపులా చదివాడు. సీల్‌ని బొటనవేలితో నిమిరాడు.

తర్వాత పరదా దగ్గరికి వెళ్లి, అవతల ఉన్న పిన్నితో అన్నాడు.

"చెల్లెమ్మా, దీన్ని పైనే ఉంచండి. ఎర్ర డబ్బా మా ఇంట్లో ఆడదు కదా. ఆదివారం వస్తాను."

లోపలినుంచి వినబడింది. "రా అన్నా."

రేపే ఆదివారం. నాన్న ఇవాళే గెడ్డం గీసుకున్నాడు.

వెళ్లిరండి బాబాయ్. మీరు చూపించిన ఆ వాన మీ మట్టి మీద మెల్లగా కురవాలి. చల్లగా నిద్రపోండి.