డిక్షనరీల వెనక దాసిన నవల

రెండువేల ఇరవై రెండు, ఆగస్టు. నార్సింగిల ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌజ్ లైబ్రరీ నేనే చూస్తుంటి. ఇప్పటికీ నేనే. జిమ్‌కు, స్విమ్మింగ్ పూల్‌కు నడుమ ఒక రూము. కమిటీల ఉన్న సాఫ్ట్‌వేరోళ్లు అంత కంప్యూటర్‌ల పెడుదమన్నరు గానీ, నేను ఇష్యూ కార్డు వదల్లేదు. ఇష్యూ కార్డంటే పుస్తకం వెనక జేబుల ఉండే అట్టముక్క. తీస్కపోయినోళ్ల పేరు, తారీకు దాని మీద రాస్త. తర్వాత తీసుకున్నోళ్లు చూసి "అరె, పక్క ఫ్లాట్ ఆమె గూడ చదివిందే" అని మురుస్తరు. వాళ్ల కంటే ఎక్కువ నేను మురుస్త.

సఫియా అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్లది కిరాయి ఫ్లాట్. స్కూల్ బస్సు దిగి, ట్యూషన్‌కు పోయే ముందు దోస్తు హాసినితోని కలిసి వచ్చేది. గుమ్మం కాడ చెప్పులిడిచి, వాటిని జతగ తిప్పి పెట్టే పిల్ల మా బిల్డింగుల ఆమె ఒక్కతే.

ఆ నెల కొత్త పుస్తకాలొచ్చినయి. అండ్ల ఒక ఇంగ్లీషు నవల, అట్ట మీద తలకు స్కార్ఫ్ కట్టుకున్న స్కూలు పిల్ల బొమ్మ. చూడంగనే సఫియా యాదికొచ్చింది. సఫియా స్కార్ఫ్ కట్టుకోదు. ఆ సంగతి నాకప్పుడు తట్టలే.

"నీ కోసమే పక్కకు పెట్టిన బిడ్డా" అని చేతుల పెట్టిన.

అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "హాసినికి ఏమిచ్చిండ్రు ఆంటీ?"

"దయ్యాల కథ."

"మరి నాక్కూడ దయ్యాల కథే ఇయ్యండి."

నవ్వుకుంటనే అన్నది. నాకే మొఖం చెల్లలే.

ఆ ఆదివారం ఆ నవల నేనే చదివిన. అండ్ల టీచరమ్మ ఉంటది, మంచిదే పాపం. ఏ ముచ్చటొచ్చినా ఆ పిల్లను లేపి "మీ వాళ్లల్ల ఎట్లుంటదో చెప్పు" అంటది. పిల్ల బాత్‌రూముల పోయి బెల్లు కొట్టేదాక కూసుంటది. నేను చేసింది గదే గద! ఇన్నేండ్ల సర్వీసు పెట్టుకొని, పుస్తకం చదవకుండ బొమ్మ చూసి ఇచ్చిన. సిగ్గుతోని సచ్చిపోయిన.

దసరా సెలవులు అయినంక మంగళవారం, గురువారం హాసినికి డ్యాన్స్ క్లాసు పడ్డది. ఆ రెండు రోజులు సఫియా ఒక్కతే వచ్చేది. ఒకరోజు చూస్తును గద, అల్మారా మూలకు నిలబడి అదే నవల చదువుతున్నది.

"ఇష్యూ చేయనా బిడ్డా?"

ఉలిక్కిపడ్డది. "వద్దాంటీ. కార్డు మీద పేరు పడితే అందరు చూస్తరు. ఆమె వాళ్లోళ్ల కథలే చదువుతది అంటరు. ప్లీజ్, ఎవరికి చెప్పకండి."

పేరు రాయకుండ తీస్కపో అంటే అయిపోయేది. నా నోటికి రాలే. పేరు లేకుంటే బయటికియ్యరాదు, రూలు రూలే అన్న. ఆ రూలు మీద మన్ను వడ!

ఇగ ఆమె అక్కడ్నే చదివేది, వచ్చిన రోజు ఇరవై నిమిషాలు. పోయేటప్పుడు కింది అరల లావుపాటి తెలుగు డిక్షనరీల వెనక దాసేది. నేను చూడనట్టే ఉండేదాన్ని. ఆమె పోయినంక మెల్లగ తీసి చూస్తే, ఆగిన పేజీల తల పిన్ను ఉండేది. వారం వారం ఆ పిన్ను ముందుకు జరుగుతుంటే నాకు పండుగే. ఒకసారి కిసుక్కున నవ్వింది. ఒకసారి కండ్లు తుడుసుకున్నది. ఎక్కడి దాక వచ్చినవ్, ఎందుకు ఏడ్చినవ్ అని అడగాలని మస్తు పానం గుంజేది. అడిగితే మల్ల రాదేమోనని ఊకునేదాన్ని.

ఫిబ్రవరిల మా తమ్ముని బిడ్డ పెండ్లి. వారం సెలవు పెట్టి పోయిన. అదే వారం కమిటీ వాళ్లు వీడింగ్ చేసిండ్రు. ఆరు నెలలుగ ఎవరూ తీస్కపోని పుస్తకాలను ఏరి తీసేసుడన్నట్టు, చేన్ల కలుపు తీసినట్టే. ఏటా నేనే చేస్త. పెండ్లి హడావిడిల యాదే లేదు. వచ్చి చూస్తే డిక్షనరీల వెనక ఖాళీ.

కమిటీ సెక్రటరీ మూర్తిగారిని అడిగిన. రాజమండ్రి వైపు మనిషి, మర్యాదస్తుడు.

"కార్డు మీద ఒక్క పేరూ లేదండి సుగుణ గారూ. ఎవరూ చదవనిది మనకెందుకని డొనేషన్ డబ్బాల్లో పంపించేశాం."

ఆ రూముల అంత ప్రేమగ చదివిన పుస్తకం ఇంకోటి లేదు. పోయేటప్పుడు కార్డు మీద నా పేరన్నా రాసి పోకపోతినే అని తల కొట్టుకున్న.

గురువారం సఫియా వచ్చింది. వంగి, డిక్షనరీల వెనక చెయ్యి పెట్టి తడిమింది. మల్లొక్కసారి తడిమింది. నా టేబుల్ కాడికి వచ్చి నిలబడ్డది.

"తీసేసిండ్రు బిడ్డా. నాదే తప్పు. ఇంకెన్ని పేజీలున్నయి?"

"నలభై. ఆ పిల్ల వాళ్ల అమ్మీకి అంత చెప్తదా లేదా అన్న కాడ ఆగిన."

ఆఖరికి ఏమైతదో చెప్పబోయిన. రెండు చెవులు మూసుకున్నది. "వద్దాంటీ, నేనే చదువుత."

"కొత్తది తెప్పిస్త. పది రోజులు, ఫికర్ చేయకు."

"పది రోజులా?" అని, తల ఊపి పోయింది. ఎందుకట్ల అడిగిందో నేను అడగలే.

పుస్తకం పదో రోజు కాదు, పదిహేనో రోజు వచ్చింది. సంబురంగ వాళ్ల ఫ్లాట్‌కు ఇంటర్‌కామ్ చేసిన. ఎవరూ ఎత్తలే. "ఆదివారమే ఖాళీ చేసిండ్రు మేడం, ఓనర్లు దిగుతున్నరంట" అన్నడు వాచ్‌మన్. ఎక్కడికి పోయిండ్రో ఆయనకు తెల్వదు. మా రిజిస్టర్ల ఫ్లాట్ నంబరే తప్ప ఫోన్ నంబరుండదు. హాసిని దగ్గర ఉంటది. అడిగితే "ఏ బుక్ ఆంటీ?" అంటది. ఎవరికి చెప్పకండి అన్న పిల్ల మాట నేనెట్ల తప్పుత? ఎన్నిసార్లు నోటి దాక వచ్చిందో, అన్నిసార్లు మింగిన.

కార్డు మీది పేర్లు చూసి ఎవరేం చదువుతరో నాకు తెలుసు అనుకునేదాన్ని. ఏం తెల్వదు. ఇప్పుడు పిల్లలొస్తే మొఖం చూసి పుస్తకం తీయ. మొన్న ఏది చదివినవ్, ఎక్కడ నచ్చిందని అడుగుత. పేరు వద్దంటే రాయ.

కొత్త కాపీ మాత్రం డిక్షనరీల వెనకనే ఉన్నది, ఆమె చెయ్యి పోయే కాడ. గుమ్మం కాడ చెప్పుల చప్పుడైతే ఇప్పటికీ తలెత్తి చూస్త, ఎవరన్న జతగ తిప్పి పెడుతున్నరా అని. ఏటా వీడింగ్‌కు ముందు దాన్ని నా పేరు మీద ఇష్యూ చేసుకుంట. మొదటి గీత ఖాళీగ విడిచిపెట్టి, కింద మూడుసార్లు నా పేరే.

మొన్న మూర్తిగారు ఆ కార్డు చూసి నవ్విండ్రు. "ఒకే పుస్తకం ఎన్నిసార్లు చదువుతారండీ?"

"ఇంకా నలభై పేజీలు మిగిలినయి సార్" అన్న.