ఇద్దరూ చూస్తేనే

దైవాశీర్వాదం చూపు పోతోందని అతని భార్య లూసీకి తెలుసు, షుగర్ డాక్టర్‌కి తెలుసు. తెలియకూడనివాడు నరసింహ ఒక్కడే.

అమెరికాలో నోవై ఊరి దగ్గర ఒక కార్ల డిజైన్ ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. డెబ్భై ఎనిమిది నుంచీ తెలుగు సంఘం పత్రికలో నెలనెలా పక్షుల గురించి కలిసి రాస్తున్నారు. చేతిరాత, జిరాక్సు కాపీలు. చదివేది మహా అయితే నలభై ఇళ్లు. అయినా నరసింహ ఒక నియమం పెట్టాడు: ఇద్దరూ చూస్తేనే రాయాలి. ఒక్కడు చూస్తే చూసినట్టు కాదు.

అందుకే దైవాశీర్వాదం రెండేళ్లుగా అబద్ధమాడుతున్నాడు. ఆఫీసులో కాగితానికి ముక్కు ఆనించి ఎలాగో గీసుకొస్తున్నాడు. బయట నరసింహ వేలు చూపించిన ప్రతిసారీ "ఆఁ, కనపడింది" అనేవాడు. చర్చి అయ్యాక నరసింహ కారులో పిట్టల కోసం తిరిగే ఆ ఆదివారం పూట కూడా పోతే ఇక అతనికి మిగిలేది ఆ బల్లా, మంచూ.

ఎనభై ఆరు మార్చిలో చెరువు పక్కన కారు ఆపి, నరసింహ ఒక ఎండుకొమ్మ చూపించాడు.

"అదిగో వడ్రంగిపిట్ట. మగదా, ఆడదా?"

"మగదే. నెత్తిన ఎరుపు లేదూ?"

నరసింహ బైనాక్యులర్ దించాడు. "అక్కడేం లేదు, దైవం."

వైపర్లు మంచు తోస్తూనే ఉన్నాయి.

"మొన్న పార్కింగ్ లాట్‌లో నేననుకుని మన ఆఫీసు జగదీష్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చావు. జోక్ చేస్తున్నావనుకుని నవ్వాను కూడా. ఎప్పట్నుంచి?"

"ఎనభై నాలుగు చలికాలం నుంచి."

నరసింహ నోట్‌బుక్ తీసి ఒక్కో పేరూ చదివాడు. దైవాశీర్వాదం "చూళ్లేదు" అన్నవన్నీ కొట్టేశాడు. అవన్నీ నరసింహ తన కళ్లతో చూసినవే. బూడిదరంగు కొంగల దగ్గర పెన్ను ఆగింది. వాటికోసం నరసింహ ఆరేళ్లు తిరిగాడు.

"అవి ఉంచు. అరుపు విన్నాను, దేవుడి తోడు."

"విన్నావు. చూళ్లేదుగా."

"నువ్వు చూశావుగా."

"నేనొక్కణ్నే చూశా."

కాగితం మీద గీత పడిన చప్పుడు దైవాశీర్వాదానికి స్పష్టంగా వినపడింది.

పై నెల పత్రికలో ఆ పేర్లన్నీ తీసేస్తూ సవరణ వచ్చింది. లూసీ చదివి వినిపించింది. కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయంది.

ఆ తర్వాత ఆదివారాల్లో ఇంటిముందు నరసింహ కారు హారన్ మోగలేదు. చర్చి నుంచి వచ్చాక అతను చాలాసేపు కోటు విప్పేవాడు కాదు.