కుడి పక్క పెళ్ళికొడుకువారు

పాత కంప్యూటర్లలో ఇరుక్కుపోయిన ఫైళ్ళను కొత్తవాటిలోకి తేవడంలో కోయంబత్తూరులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. తిరుప్పూరు బనియను కంపెనీల పాత ఆర్డర్లు, సూలూరు మిల్లుల కొటేషన్లు, ఏవి తెచ్చినా గీత చెదరకుండా, గడి కదలకుండా మార్చి ఇస్తాను. అందుకే మా మేనత్త పెన్‌డ్రైవ్ పట్టుకుని దుకాణానికి వచ్చినప్పుడు ఇదొక పనా అనుకున్నాను.

అందులో ఉన్నవి మా పెళ్ళిపందిట్లో పాడే ఎకసెక్కెం పాటలు. పెళ్ళికూతురివారు ఒక చరణం విసిరితే పెళ్ళికొడుకువారు ఇంకొకటి తిప్పికొట్టాలి. మాలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, చదువులు తమిళంలో కావడంతో తెలుగు చదవగలిగిన మనిషి దొరకడు. కాబట్టి అత్త భర్త, మిల్లు ఆఫీసులో గుమాస్తా, తెలుగు పాటల్ని తమిళ అక్షరాల్లో టైపు చేసి పెట్టి కన్నుమూశాడు. ఏ పెళ్ళిలోనైనా పాట అందుకునేది మా అత్తే, ఏదీ చూడకుండా. ఈమధ్య గొంతు ఆపరేషనై గుసగుస తప్ప మాట రావడం లేదు. ఆమె కొడుకు కూతురి పెళ్ళి దగ్గరపడింది. ఆ పాటలు తన పద్ధతిలోనే మిగతావాళ్ళ నోట వినాలి, అంతే ఆమె కోరిక.

ఆయన వాడిన ఫాంటు ఇప్పుడెక్కడా లేదు. తెరవగానే కోడి కెలికినట్టు గీతలు. వాటిని అక్షరాలుగా మార్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అడ్డదిడ్డంగా ఉన్న ఖాళీలన్నీ తుడిచి, వరుసలన్నీ ఎడమ అంచుకు చక్కగా సర్ది, ఆడవాళ్ళ ఫోన్లకు పంపాను. మర్నాడు పొద్దున్నే అత్త వచ్చి, ఫోను నా ముందు పెట్టి, తెర మీద కుడి అంచును వేలితో తట్టి గుసగుసగా అడిగింది.

"అంతా ఒకే పక్కానికి వచ్చేసిండారే కన్నూ. మాప్పిళ్ళ వీటువాళ్ళు ఏడ కూచునేది?"

పందిట్లో పెళ్ళికొడుకువారు కూర్చునేది కుడివైపు. ఆయన స్పేస్‌బార్ నొక్కి నొక్కి వాళ్ళ చరణాలను అటు నెట్టాడు. నేను పంపింది చూసి పాడితే మావాళ్ళు తమను తామే తిట్టుకుంటారు. చెత్త అనుకుని నేను ఊడ్చేసింది సగం పెళ్ళివారిని.

మళ్ళీ మొదలుపెట్టాను. కంప్యూటరుకో కొలత, ఫోనుకో కొలత, ఉత్త ఖాళీలు నిలవవు. అందుకని గీతలు కనిపించని రెండు గళ్ళ పట్టిక వేసి, ఎడమ గడిలో మావాళ్ళను, కుడి గడిలో వాళ్ళను కూర్చోబెట్టి, ఏ ఫోనులో తెరిచినా కదలకుండా పేజీని బిగించాను. ఒక పాట నడుమ పెద్ద ఖాళీ ఉంది. ఆయన చెయ్యి జారిందేమో అనిపించింది. అయినా ఈసారి నా తెలివి వాడదలచుకోలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

పెళ్ళిలో ఆడవాళ్ళు ఫోన్లు అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. పాట అటూ ఇటూ తప్పు లేకుండా సాగుతుంటే నేను ఫొటోగ్రాఫర్ పక్కన మీసం దువ్వుకుంటూ నిలబడ్డాను. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగి అత్తవైపు చూశారు. అక్కడ అప్పటికప్పుడు ఒక చరణం కట్టి, పందిట్లో ఎవరో ఒకరిని ఆటపట్టించడం ఆమె అలవాటట. ఒక్కో పెళ్ళికి ఆ చరణం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆయన టైపు చేయలేదు. మాట రాని మనిషి ముందు ఆ ఖాళీ పెట్టానే అని మీసం మీది చెయ్యి దించేశాను.

అత్త వంగి మనవరాలి చెవిలో ఏదో చెప్పింది. పెళ్ళికూతురు తలెత్తి, నన్నే చూస్తూ అందుకుంది.

"రెండు పక్కాల్ని ఒకటి చేసిన కంప్యూటరు మామా, నీ పెండ్లాము ఏ పక్కన ఉండాదో చూసుకో మామా."

పందిరంతా పగలబడి నవ్వింది, మా ఆవిడ అందరికంటే ముందు. అత్త చప్పుడు లేకుండా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ చరణాన్ని కూడా ఫైల్లో చేర్చమని తర్వాత చాలామంది అడిగారు. నేను చేర్చలేదు. ఏ పెళ్ళివారు అడిగినా ఆ చోటు ఖాళీగానే పంపుతున్నాను.